హనుమక్క రాళ్ళు పారేసిన ఆదివారం

పొలమంతా సోలారు పలకల కిందికి పోయాక అమరనాథ్‌కు వారానికి ఏడు ఆదివారాలు వచ్చాయి.

క్యాతగానచెర్లులో ఇదేం వింత కాదు. ఆంధ్రా సరిహద్దుకు ఇవతల, ఎండను బాడుగకిచ్చిన ఊరది. ఏడాదికోసారి బాడుగ బ్యాంకులో పడుతుంది. పడేదాకా ఎదురుచూడటమే ఇప్పుడక్కడ వ్యవసాయం.

అమరనాథ్ ముందు జిమ్ముకు పోయాడు. పావగడలో నిలువెత్తు అద్దాల జిమ్ము. అద్దంలో తనను తాను చూసుకుని తృప్తి పడ్డాక మానేశాడు. తరువాత లవ్‌బర్డ్స్ పెంచాడు. ఈసారి పిల్లి తృప్తి పడింది. ఆపైన డ్రోన్ కొన్నాడు. అది రెండో రోజే సోలారు పార్కు కంచె దాటి పలకల మధ్య ఎక్కడో కూలింది. కూలింది తన సొంత భూమిలోనే. తెచ్చుకుందామని పోతే గేటు దగ్గర పాసు ఉందా అని అడిగారు. తన తాత చెనిక్కాయ పీకిన నేలలోకి పోవడానికి పాసు ఎక్కడ దొరుకుతుందో వాడికి తెలియలేదు. తిరిగొచ్చి ఫోను పట్టుకుని పడుకున్నాడు.

ఆ ఫోనులో బంగారం కనబడింది.

ఎక్కడో చలిదేశం. మోకాటి లోతు నీళ్ళలో మొగుడూ పెళ్ళాం పిల్లలూ ఒక కుక్కా. చేతుల్లో తట్టలు. ఇసుక ముంచడం, తిప్పడం, ఒంపడం, అడుగున మిరపగింజంత పసుపు కనిపిస్తే కౌగిలించుకోవడం. సరదాకట. బతుకుతెరువు కాదట. అమరనాథ్ అలాంటి వీడియోలు మూడు వారాలు చూశాడు. నాలుగో వారానికి వాట్సాప్‌లో ‘పెన్నా గోల్డ్ ఫ్యామిలీ’ అని గ్రూపు పెట్టాడు. పదహారు మంది చేరారు. అందులో పన్నెండు మంది రోజూ గుడ్ మార్నింగ్ పెట్టడానికే చేరారు.

పెన్నేట్లో బంగారం ఎందుకుంటుందన్న సంగతి నందీష్ తేల్చాడు. నందీష్ మంగళవాడ వాడు, అమరనాథ్‌తో చదువుకున్నవాడు, పార్కులో పలకలు కడిగే కాంట్రాక్టు చేసేవాడు. తెలియదు అనే మాట నేర్పని స్కూల్లో చదివినట్టు మాట్లాడతాడు.

"ఆంధ్రాలో రామగిరి గని మూసేసినారు గదా మచ్చా. గని మూస్తే బంగారు యాడికి పోవల్ల? ఏట్లోకి పోతాది."

పక్కనే రాగులు గాలిస్తున్న హనుమక్క తలెత్తింది. ఆమె అమరనాథ్ తల్లి. అరవై దాటాయి. "ఏరు మన తట్టునుంచి వాళ్ళ తట్టుకు పోతాది గదప్పా. బంగారు ఎదురెక్కి వస్తాదా?"

"భూమి కింద వస్తాది పెద్దమ్మా," అన్నాడు నందీష్. హనుమక్క మళ్ళీ రాగుల మీదికి వంగింది.

ఆదివారానికి ముహూర్తం కుదిరింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన పచ్చ ప్లాస్టిక్ తట్ట వచ్చింది. హనుమక్క దాన్ని తిప్పి చూసింది.

"ఏందిరా ఇది, కోళ్ళకు మేత పెట్టేదా?"

"గోల్డ్ పాన్ మా అది."

"అంచున గాడులు బాగుండాయిలే. గింజ జారదు."

"మీరూ రండత్తా," అంది కోడలు సింధుశ్రీ. "ఏటి ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి సంగటి కెలికితే వీడియోలో న్యాచురల్‌గా ఉంటాది. బిర్యానీ వినుత తెస్తాండాది, తినేదానికి."

వినుత నందీష్ భార్య. అంటే తినడానికి బిర్యానీ, చూపించడానికి సంగటి. హనుమక్క సరేనంది. న్యాచురల్‌గా కనిపించాలని ఆమెకేం సరదా లేదు. ఏట్లోకి దిగే బండిబాట ఆమె చేని పక్కగా పోతుంది. కారు చక్రాల మీద ఆమెకు నమ్మకం లేదు.

నాగలమడిక తట్టు, పెన్నేటి గట్టు మీద ఆ రెండెకరాలు హనుమక్కకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. పహణీలో ఆమె పేరే. పార్కు కొలతలకు దూరంగా ఉంది కాబట్టి మిగిలింది. రెండు రోజులకోసారి బస్సెక్కి పోతుంది, కలుపు తీస్తుంది, సాయంత్రానికి వస్తుంది. "ఆ రెండెకరాల్లో ఏమి మిగుల్తాదమ్మా?" అని కొడుకు అడుగుతాడు. "నేను మిగుల్తా," అంటుంది.

*

పెన్నేట్లో అన్నీ ఉన్నాయి. ఇసుక ఉంది, ముళ్ళ జాలిచెట్లున్నాయి, ట్రాక్టరు చక్రాల గాడులున్నాయి, తాగి పారేసిన సీసాలున్నాయి. నీళ్ళు లేవు.

కారు దిగి ఐదుగురూ ఏటిని చూశారు. బంగారం కడగడానికి బిర్యానీ తెచ్చుకున్నారు, స్పీకరు తెచ్చుకున్నారు, మడత కుర్చీలు తెచ్చుకున్నారు, ఎండకు రాసుకునే క్రీము తెచ్చుకున్నారు. దేంతో కడగాలన్నది ఒక్కరికీ తట్టలేదు. అదీ ఎలాంటి ఊరివాళ్ళకు? బిందెడు నీళ్ళ కోసం చిన్నప్పుడు బోరింగు దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్ళకు.

"వీడియోలో నీళ్ళుండె గదా," అన్నాడు అమరనాథ్, వీడియోవాళ్ళు తనను మోసం చేసినట్టు.

"వాళ్ళ ఏట్లో నీళ్ళు పార్తాయి నాయనా. మన ఏట్లో ట్రాక్టర్లు పార్తాయి," అంది హనుమక్క.

నందీష్ ఫోను తీశాడు. గంటన్నరకు ట్యాంకరు వచ్చింది. పలకల మీద దుమ్ము కడగడానికి నందీష్ పెట్టుకున్న ట్యాంకరు. ఏటికి నీళ్ళు తోలిన ఘనత అలా ఆ పూట పావగడ తాలూకాకు దక్కింది.

తోలుకొచ్చింది తిమ్మరాయప్ప. ఒకప్పుడు డెబ్బై గొర్రెలుండేవి. మేపే బీళ్ళు కంచె లోపలికి పోయాయి, గొర్రెలు సంతకు పోయాయి, తిమ్మరాయప్ప నందీష్ దగ్గర కూలికి పోయాడు.

"ఏం తిమ్మరాయా, బాగుండావా?" అంది హనుమక్క.

"పలకలు మేపుకుంటాండా అక్కా. గొర్రెలకన్నా నయం. యాడికీ పోవు, తోడేలు పట్టదు. పిల్లలు మాత్రం పెట్టవు."

బండిబాటలో ఇసుక ఎక్కువుంది, చక్రాలు దిగబడతాయన్నాడు నందీష్. చేని మీదుగా అడ్డంగా వస్తే నేరుగా గట్టు దగ్గరికి రావచ్చన్నాడు. తిమ్మరాయప్ప బండి తిప్పేలోపు హనుమక్క చేని అంచున నిలబడింది.

"పక్కకు రా మా," అన్నాడు అమరనాథ్. "రెండు సాళ్ళు పోతాయి, అంతే గదా."

"రెండు సాళ్ళేనా? అప్పుడు కూడా ఉత్త కొలతకే వస్తామన్నారు. కొల్చి కొల్చి పదకొండెకరాలు కొల్చుకోని పోయినారు."

"దానికీ దీనికీ ఏం సంబంధం మా!"

హనుమక్క వంగి ఒక చెనిక్కాయ మొక్క కొమ్మను పక్కకు తీసి చూపించింది. కొమ్మ నుంచి సన్నటి ఊడలు నేలవైపు దిగుతున్నాయి. కొన్ని అప్పుడే మట్టిని తాకాయి. "చూడు. ఊడలు దిగతాండాయి. ఇప్పుడు తొక్కితే కాయ పడదు. తిమ్మరాయా, చక్రం పెట్టేదుంటే ముందు నామీద పెట్టు."

"నాకు ట్యాంకరు తోలేదానికే లైసెన్సుండాదక్కా, నీ మీదికి తోలేదానికి లేదు," అని తిమ్మరాయప్ప బండిబాటలోకే దింపాడు. చక్రాలు రెండుసార్లు దిగబడ్డాయి. నందీష్, అమరనాథ్ తోశారు. వాళ్ళు ఆ ఏడాది చేసిన మొదటి కష్టం అదే.

*

కడగడం మొదలైంది. అమరనాథ్ పచ్చ తట్టలో ఇసుక పోశాడు, తిమ్మరాయప్ప పైపుతో నీళ్ళు పట్టాడు, సింధుశ్రీ ఫోను ఎత్తింది. అమరనాథ్ తట్టను బస్సు స్టీరింగులాగా తిప్పాడు. ఇసుకా నీళ్ళూ ప్యాంటు మీద పడ్డాయి. తట్టలో తట్ట మిగిలింది.

"మెల్లగా మచ్చా, ట్వెంటీ డిగ్రీస్‌లో వంచల్ల," అన్నాడు నందీష్.

"నువ్వే వంచు రా."

నందీష్ వంచాడు. ప్యాంటు మారింది, ఫలితం మారలేదు.

నాలుగో తట్టకు సింధుశ్రీ కేక వేసింది. తళతళమంటూ రేకులు! అమరనాథ్ గంతేశాడు. స్పీకరులో పాట పెంచారు. హనుమక్క వచ్చి వేలితో నీళ్ళు కదిపింది. రేకులు నీళ్ళతో పాటు లేచి గిరగిరా తిరిగాయి.

"కాకిబంగారమప్పా ఇది. చిన్నప్పుడు బడి పలకల మీద అంటించుకుంటా ఉంటిమి. బరువుండదు, నీళ్ళు యాడికంటే ఆడికి పోతాది."

పాట తగ్గించారు.

ఇద్దరి పాట్లూ చూసి చూసి హనుమక్కకు చేతులు దురద పెట్టాయి. సంగటికి తెచ్చిన సత్తు దబర గిన్నెను కడిగింది. ఇసుక పోసుకుంది. "నీళ్ళు పట్టు తిమ్మరాయా," అని గొంతుక్కూర్చుంది.

రాగులు గాలించడం చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. దబర గుండ్రంగా తిరుగుతుంది, కానీ తిప్పుతున్నట్టుండదు. ఒక్క క్షణం ఆగుతుంది. మణికట్టు కొంచెం వంగుతుంది. నీళ్ళమీద తేలివచ్చిన రాగులు అంచు దాటి రెండో గిన్నెలో పడతాయి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తిప్పడం. ఆవగింజంత రాగిగింజ ఒక్కటి నేలపాలు కాదు, అడుగున ఉన్న రాయి ఒక్కటి ఇవతలికి రాదు. హనుమక్కకు ఈ పని యాభై ఏళ్ళ అలవాటు. ఆమె చేసిన సంగటిలో పంటికింద రాయి తగిలిందన్నవాడు క్యాతగానచెర్లులో లేడు.

ఇసుక కూడా అలాగే పోయింది. పొర పొరగా, చెప్పిన మాట విన్నట్టు. ఇరవై డిగ్రీలు ఎక్కడ ఉంటాయో నందీష్‌కు అప్పుడు కనబడింది. దబర అడుగున గుప్పెడు నల్లిసుక మిగిలింది.

"అదే మా! అదే! బంగారుంటే ఆ నల్లదాంట్లోనే ఉంటాది!" అమరనాథ్ ముందుకు వంగాడు.

హనుమక్క దబరను ఒక్క విసురు విసిరింది. నల్లిసుక పదడుగుల అవతల చెదిరిపోయింది. ఆమె ఒంపిన ఇసుకను దగ్గరికి లాక్కుంది, రాగుల్ని లాక్కున్నట్టు.

అమరనాథ్ వంగినవాడు వంగినట్టే తల తిప్పి అటు చూశాడు.

"పారేసినావు గదమ్మా!"

"పారేయక, రాళ్ళను సంగటిలో కలుపుదునా?" అంది హనుమక్క. అన్నాక ఆమెకే అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిమ్మరాయప్ప పైపు వదిలేసి నవ్వాడు. సింధుశ్రీ నవ్వుతూనే చెప్పింది: "అత్తా, ఇది రివర్సు. ఈడ పోయేది పారేసేది, అడుగున ఉండేది దాచుకొనేది."

"అట్లైతే పెండ్లయినప్పటినుంచీ నేను బంగారే పారేస్తాండానేమో పాపా."

ఇక గాలింపు ఆమెదే అయింది. అమరనాథ్ ఇసుక మోయడానికి దిగాడు, నందీష్ సలహాలు మోయడానికి దిగాడు. రెండు దబరలు గాలించింది. ఏమీ లేదు. కానీ ఆమెకు సరదాగానే ఉంది. పాట వినబడుతోంది, కొడుకు చెమటోడుస్తున్నాడు, కోడలు నవ్వుతోంది. ఆ ఇంట్లో వాళ్ళందరూ ఒక పని మీద వంగి ఎన్నేళ్ళయిందో. ఇంకో దబర కావాలని ఆమే అడిగింది.

అప్పుడే నందీష్‌కు గట్టు కనిపించింది. ఏరు కోసిన గట్టు. పైన హనుమక్క చేను, ఆకుపచ్చగా. దాని కింద నిలువెత్తు ఎర్రమట్టి. అడుగున గులకరాళ్ళ పొర ఒకటి చేని కిందికి దూరిపోతూ ఉంది.

"మచ్చా, ఏరు ముందర ఈడనే పారినాది. బంగారు బరువు గదా, ఆ గులకరాళ్ళల్లో నిల్చిపోయుంటాది. ఇసుక కాదు, దాన్ని తవ్వు." అమరనాథ్ గట్టు కాళ్ళ దగ్గర తవ్వి తట్టకెత్తుకున్నాడు. నందీష్ గొంతు తగ్గించాడు. తగ్గించినా స్పీకరు మీద వినబడాలంటే ఎంత తగ్గించగలడు? "ఒక్క పలుకు కనపడితే సాలు. వీడియో తీసి బెంగళూరులో గనుల కాంట్రాక్టు చేసే మనాయప్పకు పంపిస్తా. వారం లోపల మిషన్లు దిగతాయి. రెండెకరాలూ నిలువు లోతు తవ్వల్ల."

"అమ్మ పేరు మీదుండాది."

"సంతకం పెట్టదా?"

"అది నాకిడ్సిపెట్టు. నాయినతో నేనే పెట్టిచ్చలేదా?" అన్నాడు అమరనాథ్.

హనుమక్క చేతులు ఆగలేదు. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఆ నాయిన సంతకం ఆమెకు బాగా గుర్తు. షామియానా వేశారు. మెత్తటి కుర్చీలు వేశారు. ‘మీ ఊర్లో ఏముందండీ, ఎండ తప్ప’ అన్నాడు వచ్చినాయన. ఊరంతా చప్పట్లు కొట్టింది, ఏదో పొగిడినట్టు. ఆమె భర్త రెండో వరసలో కూర్చుని, పేరు పిలిస్తే పోయి సంతకం పెట్టి వచ్చాడు. ఆ తరువాత కూడా తెల్లారకముందే లేచేవాడు. లేచి, చెప్పులేసుకుని, కంచెదాకా పోయి, కంచెను చూసి వచ్చేవాడు. రెండేళ్ళు చూశాడు. గుండెజబ్బు అన్నారు డాక్టర్లు. వాళ్ళకు కంచెజబ్బు అని రాసే అలవాటు లేదు.

ఎండకే పదకొండెకరాలు పోయాయి. ఎండ ఏం గొప్పది? అందరి నెత్తినా ఊరికే పడేది. బంగారమంటే ఇంకేమేం పోతాయో ఆమె లెక్క వేయలేదు. వేయడానికి మిగిలింది రెండెకరాలే.

గులకరాళ్ళ మట్టి దబరలో పడింది. వినుత బిర్యానీ మూత తీసింది. వాసన రాగానే బంగారం మీద నమ్మకం కొంచెం సడలింది. సింధుశ్రీ ఫోను పక్కన పెట్టి ప్లేట్లు అందుకుంది. మగవాళ్ళిద్దరూ చేతులు కడుక్కోవడానికి పోయారు. దబర దగ్గర హనుమక్క, పైపుతో తిమ్మరాయప్ప.

గులకరాళ్ళను ఏరి పారేసింది. ఎర్రమట్టి కరిగి పోయింది. ఇసుక పోయింది. నల్లిసుక మిగిలింది. చివరిసారి నీళ్ళు కదిపింది.

నల్లిసుక కదిలింది. ఒకటి మాత్రం కదల్లేదు.

నువ్వుగింజలో సగం ఉంటుంది. తళతళలాడటం లేదు. చల్లగా, మందంగా, ఆమె చెవి కమ్మ రంగులో ఉంది. వేలితో నీళ్ళు గట్టిగా కొట్టింది. కాకిబంగారమైతే ఎగిరిపోవాలి. అది నల్లిసుక మధ్య కూర్చునే ఉంది, ఇల్లు తనదే అన్నట్టు.

హనుమక్కకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. యాభై ఏళ్ళు గాలించిన చెయ్యి, మొదటిసారి దొరికించుకున్నది. ‘ఒరే అమరా, చూడు రా!’ అని ఒక్క కేక వేయాలనిపించింది. వాడు గంతేస్తాడు. తల్లిని ఎత్తుకుని తిప్పినా తిప్పుతాడు. అందరూ ఆమెనే చూస్తారు.

తలెత్తింది. గట్టు మీద చెనిక్కాయ మొక్కలు గాలికి ఊగుతున్నాయి. ఊడలు దిగుతున్నాయి.

తలెత్తితే తిమ్మరాయప్ప కూడా కనిపించాడు. అతను దబరలోకే చూస్తున్నాడు. ఆ పసుపు అతనికీ కనబడింది. అతను దబరను చూశాడు, గట్టును చూశాడు, హనుమక్కను చూశాడు. పైపు కట్టేశాడు.

"రాళ్ళుండాయక్కా," అన్నాడు నెమ్మదిగా. "పారేయి."

హనుమక్క లేచి నిలబడి, ఈసారి భుజం కలిపి విసిరింది. పొద్దున విసిరింది చెయ్యి తెలియక. ఇది తెలిసి. నల్లిసుక అంత దూరం పోయి, కొన్ని వేల బండ్ల ఇసుకలో ఎక్కడ పడిందో ఎవరికీ తెలియకుండా పడింది.

"అమ్మా!" చేతులు తుడుచుకుంటూ వచ్చిన అమరనాథ్ నెత్తి పట్టుకున్నాడు. "మళ్ళీ పారేసినావా!"

"అలవాటు రా నాయనా. చెయ్యి ఊరుకోలేదు."

"చూడకుండానే పారేస్తివే! తిమ్మరాయప్పా, నువ్వన్నా చూడలేదా?"

"నీళ్ళు పట్టినోన్ని నేనే గదప్పా. ఏమీ లేదు, ఉత్త రాళ్ళు."

అమరనాథ్ పరిగెత్తి ఇసుకలో మోకాళ్ళ మీద కాసేపు వెతికాడు. ఏట్లో ఇసుక రేణువును వెతికేవాడు ఎంతసేపు వెతుకుతాడు? ప్లేటు చల్లారిపోతుందని సింధుశ్రీ పిలిచేదాకా వెతికాడు.

"ఇంగో దబర పట్టుదాం," అన్నాడు నందీష్ ఎముక కొరుకుతూ, పెద్దగా లేవకుండానే.

"నీళ్ళు అయిపోయినాయన్నా," అన్నాడు తిమ్మరాయప్ప.

దాంతో ‘పెన్నా గోల్డ్ ఫ్యామిలీ’ కార్యక్రమం ముగిసింది. కుర్చీలు మడిచారు. హనుమక్క బస్సులో వస్తానంది, కలుపు కొంచెం ఉందని. కారు దుమ్ము అణిగాక తిమ్మరాయప్ప ట్యాంకరును గట్టు మీద చేని పక్కకు తెచ్చి, పైపును మొదటి సాల్లో పడేసి తిప్పాడు. సగం ట్యాంకరు ఉంది. పలకల ముఖం కడగాల్సిన నీళ్ళు సాలు వెంట పాకుతూ పోయాయి. హనుమక్క పార పట్టుకుని ముందు నడిచి, ఒక సాలు తడిసితే ఇంకో సాలుకు మళ్ళించింది.

"నీళ్ళేవని నందీష్ అడిగితే?"

"ఖాళీ ట్యాంకరు తోలుకపోతాండాలే అక్కా. అబద్ధమెట్లయితాది?"

*

రాత్రికి సింధుశ్రీ వీడియో పెట్టింది. పొద్దున విసిరిన విసురే. రెండో విసురప్పుడు ఆమె బిర్యానీ వడ్డిస్తోంది కదా. దానికి ‘బంగారం పారేసిన అత్త’ అని పేరు పెట్టింది. జనం విరగబడి నవ్వారట. ఆ ఫోనులోకి ఎక్కిన నిజం అదొక్కటే. దాన్ని అందరూ జోకు అనుకున్నారు.

"చూడండత్తా, ఎంతమంది చూసినారో!"

"బాగా రాసినావు పాపా," అంది హనుమక్క.

అమరనాథ్ కంచం ముందు కూర్చున్నాడు. ముఖం వేలాడేసుకున్నాడు. పచ్చ తట్ట గుమ్మం పక్కన బోర్లా పడి ఉంది. హనుమక్క అప్పటికే కోళ్ళ గూటి దగ్గర దానికి చోటు చూసి పెట్టింది.

"నిజంగా ఏమీ కనపడలేదా మా? గులకరాళ్ళల్లో ఉండల్ల. నందీష్ అంత గట్టిగా చెప్పినాడు."

"రాళ్ళే నాయనా."

"నీకెట్ల తెలుసు, రాళ్ళే అని? సరిగ్గా చూసుంటావా?"

హనుమక్క వేడి సంగటి ముద్ద అతని కంచంలో పెట్టింది. మధ్యలో గుంట చేసి ఊరుబిండి పచ్చడి వేసింది.

"తిను. రాయి తగిల్తే చెప్పు," అంది.

అమరనాథ్ ముద్దంతా తిన్నాడు. ఇంకో సగం ముద్ద పెట్టించుకుని అది కూడా తిన్నాడు. ఏమీ చెప్పలేదు.